వాసన లేని శుభ్రం

ఇండ్లు కడిగే పనిలో నుంచి పోయిన ఏడాది దిగిపోయిన. ఈ పనిల రిటైరయితే ఎవరూ దండ వెయ్యరు, శాలువ కప్పరు. బకెటు బోర్లిస్తే అదే సన్మానం.

ఇబ్రహీంపట్నంల నన్ను కోతల సుగుణ అంటరు. చీమ సంగతి చెప్పమంటే ఏనుగు సంగతి చెప్తదని పేరు. ఒప్పుకుంట. గని ఇప్పుడు నాదర్‌గుల్, బడంగ్‌పేట్, మీర్‌పేట్ దిక్కు కాలనీలల్ల కెమికల్ లేకుండ ఇల్లు కడిగే పనికి మస్తు గిరాకి ఉంది. కొత్తగ చేరే ఆడపిల్లలు వచ్చి అడుగుతరు: "అక్కా, కుంకుడుకాయలతోని నిజంగ మురికి పోతదా?" పోతది. గని ఎప్పుడు పోతది, ఎక్కడ పోదు, ఎక్కడ మన మీదికే వస్తది, అది ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్న.

యాసిడ్ రోజులు

మొదలు మేము కూడ యాసిడోళ్లమే. మేము అంటే నేను, బాలమణి. ఇద్దరిది ఒకటే గల్లీ. వాళ్లది చేపలు పట్టే ఇల్లు. పెనిమిటి పెద్దచెరువుల వల వేస్తడు, ఆదివారం ఆమె రోడ్డు మీద గంప పెట్టి అమ్ముతది. మిగిలిన రోజులు నాతోని ఇండ్లు కడగవస్తది.

ఆమె కేక గురించి చెప్పాలె. "రవ్వలున్నయ్, బొచ్చెలున్నయ్, కొర్రమీనున్నయ్!" అని ఆమె ఇబ్రహీంపట్నంల అరిస్తే, నాదర్‌గుల్ మీద విమానం నడుపుడు నేర్చుకుంటున్న పిలగాడు తననే పిలుస్తున్నరనుకొని కిందికి దిగిండు. దిగినోడు ఊకెనే పోతడా? బొచ్చె చేప కోయించుకొని, సీటు కింద పెట్టుకొని మల్ల ఎగిరిండు. విమానం సంగతి మీరు నమ్మకున్నా పర్వాలేదు, కేక సంగతి నమ్మండ్రి. రెండు గల్లీల అవతల ఆడోళ్లు ఆ కేక విని చింతపండు నానబెట్టేటోళ్లు.

ఒక కంపెనీల ఇద్దరం పనికి కుదిరినం. కొత్తగ కట్టిన ఇండ్లల్ల టైల్స్ మీద సిమెంటు మరకలుంటయి. యాసిడ్ పోస్తే సుయ్యిమని పొగ లేస్తది, మరక పోతది. టీ తాగినంత సేపట్ల పని ఖతం, ఓనర్ ఖుష్. ముక్కుకు కొంగు చుట్టుకుంటే చాలనుకునేటోళ్లం. బాత్రూములన్నీ బాలమణివే. సన్నగుంటది, కమోడు వెనక మూలకు కూడ దూరుతది అని ఆమెనే పంపేటోళ్లు.

కొన్నేండ్లకు దగ్గు పట్టుకుంది. ఆదివారం గంప ముందల కూసోని నోరు తెరిస్తే సగం కేక వచ్చేది, సగం దగ్గు వచ్చేది. దవాఖానకు తీసుకపోయిన. ఊపిరితిత్తులు పాడైనయి, ఇగ యాసిడ్ దగ్గరికి పోతే నీ ఇష్టం అని డాక్టరమ్మ గట్టిగనే చెప్పింది. బయటికి వచ్చినంక బాలమణి అడిగింది.

"సుగుణా, ఊపిరి జర తక్కువైతే ఎట్లనో బతుకొచ్చు. కేక తక్కువైతే ఎట్లనే? పక్క గంపామెకు పోతది నా గిరాకి."

"మైకు పెట్టుకో, కూరగాయల ఆటోవోని లెక్క."

"థూ! మైకుల అమ్మితే అవి చేపలా, ఎలక్షన్లా?"

ఆ గొంతు కాపాడుకోనీకే ఆమె కెమికల్ లేని పనికి మళ్లింది, ఆమె వెనక నేను. భూమిని కాపాడదామని కాదు, చెట్లను కాపాడదామని కాదు. ఈ పనిలకు వచ్చేటోళ్లు చానామంది తమ ఊపిరి కోసమే వస్తరు. దాంట్ల సిగ్గుపడేది ఏం లేదు.

ఆకు బొమ్మ సారు

బడంగ్‌పేట్‌ల ఒక సారు అప్పుడే కొత్త కంపెనీ తెరిచిండు. ఆకుపచ్చ అంగీలు, ఆకుపచ్చ బకెట్లు, సీసాల మీద ఆకు బొమ్మ. "మనది ప్రకృతి క్లీనింగ్" అనేటోడు. మేము సంబురంగ చేరినం. కొన్ని రోజులకు బాలమణి ఒక సీసా మూత తీసి వాసన చూసి, దగ్గి దగ్గి, సీసా పట్టుకొని సారు టేబుల్ దగ్గరికి పోయింది.

"సార్, గిది ఏ చెట్టు?"

"ఏ చెట్టేందమ్మా?"

"గీ సీసా మీదున్న ఆకు. నాకు ఎరుకైన చెట్లల్ల ఏదీ గిట్ల ముక్కుల పొడవదు."

సారు కుర్చీల జరిగి కూసున్నడు. "జరంత ఫినాయిల్ కలిపిన. లేకపోతే కస్టమర్ నమ్మడమ్మా. ఇల్లు కడిగినంక వాసన రాకపోతే కడగలేదనే అంటరు."

"నువ్వు ఆకు బొమ్మ తీసెయ్, నేను ఫినాయిల్ పోస్త. లేదంటే ఫినాయిల్ తీసెయ్."

రెండూ తీయలేదు. మేమే వచ్చేసినం. ఆయన మోసగాడు, దాంట్ల అనుమానం లేదు. గని ఆయన చెప్పిన మాట మాత్రం నిజం. శుభ్రం అంటే మనోళ్లకు కంటితోని తెలవదు, ముక్కుతోని తెలవాలె. దవాఖాన వాసన వస్తే ఇల్లు కడిగినట్టు, లేకుంటే నీళ్లు చల్లి పోయినట్టు. ఈ పనికి పెద్ద శత్రువు మురికి కాదు, ఆ నమ్మకం.

నానాలె

తర్వాత మాకు మేమే మొదలుపెట్టినం. కుంకుడుకాయలు దంచి నానబెట్టి మరిగించిన రసం నేలకు. వంట సోడ కిచెన్ల జిడ్డుకు. వెనిగర్ అద్దాలకు. బోరునీళ్లకు నల్లాల మీద, గోడల మీద పట్టే తెల్ల గారకు నిమ్మ ఉప్పు వేడినీళ్లల్ల కలిపి. నిమ్మ తొక్కలు, బెల్లం, నీళ్లు డబ్బాలల్ల మురగబెట్టి కాలువలకు. ఆ డబ్బాల మూత రోజూ జర వదులు చెయ్యాలె. నేనొకసారి మరిస్తే మూత ఎగిరి పక్కింటి కోడిపుంజుకు తాకింది. వారం దాక అది కూయలే, మధ్యాహ్నం లేచిన గల్లీ అంత నన్ను తిట్టింది.

మంచి చెప్త. మా అరచేతులల్ల గీతలు మల్ల కనబడ్డయి. యాసిడ్ రోజులల్ల అవి చెరిగిపోయి ఉండె. పాకే పిల్లలున్న ఇండ్లల్ల ధైర్యంగ నేల కడిగినం. మేం పారబోసిన నీళ్లు ఏ కాలువల కలిసినా బాలమణికి మనసుల గుబులు లేదు. "నేను ఈడ పోసింది రేపు మా ఇంటాయన వలల పడతది" అనేది.

చెడ్డ కూడ చెప్త, ఆకు బొమ్మ సారు లెక్క దాయను. సిమెంటు మరక మీద కుంకుడు రసం పోస్తే సిమెంటు నవ్వుతది. కుంకుడు నురుగు సరిగ కడగకుంటే నేల జారుతది, ఓనర్ నడుం పోతది. మీర్‌పేట్‌ల ఒకరింట్ల నునుపు చేసిన తాండూరు బండలు నిమ్మ ఉప్పుతోని తుడిస్తే, మెరుపు పోయి బొల్లి వచ్చినట్టు తెల్లగ మచ్చలు తేలినయి. నిమ్మకాయ పులిహోరకు మంచిది, ఆ బండకు కాదు. ఇంట్ల వాంతులు, విరేచనాల రోగముంటే కుంకుళ్లు పట్టుకొని గొప్పలు పోవద్దు, క్రిములు చంపే మందు దవాఖానోళ్లను అడిగి వాడాలె.

అన్నిటికంటె పెద్ద చెడ్డ ఆలస్యం. ఏదైనా నానాలె. సోడ పూసి ఆగాలె, నిమ్మ ఉప్పు పోసి ఆగాలె. ఓనరేమో పనోళ్లు ఊకె కూసున్నరని చూస్తనే ఉంటడు. అందుకే నేను కథలు చెప్పుడు మొదలుపెట్టిన. నేను హాల్ల ఇంటోళ్లకు విమానం కథ చెప్తుంటే, లోపల బాలమణి రుద్దేది. కథ ఖతమయ్యే యాళ్లకు మరక మెత్తబడేది. కోతలు నాకు అలవాటు మాత్రమే కాదు, పనిముట్టు కూడ.

సుభద్రమ్మ గారి ముక్కు

నాదర్‌గుల్‌ల లావణ్య మేడం వాళ్లింటికి వారం వారం పోయేటోళ్లం. గోదావరి దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డోళ్లు. వాళ్ల చిన్నపాపకు ఆయాసం. ఫినాయిల్ వాసన తగిలితే పిల్ల ఎగపోస్తది, అందుకే మమ్ముల పిలిపిచ్చుకున్నరు. ఇంట్ల మేడం అత్తగారు, సుభద్రమ్మ గారు. మేము పెద్దమ్మా అనేటోళ్లం. ఆమె ముక్కుకు మా పని ఎన్నడూ ఆనలేదు.

"కడిగారా అమ్మా? ఏ వాసనా రావట్లేదే."

"వాసన రాకపోవుడే శుభ్రం పెద్దమ్మా" అన్న నేను.

"అలాగైతే మీరు రాకముందు కూడా మా ఇల్లు శుభ్రంగానే ఉందన్నమాట."

బాలమణితోని ఆమె కొట్లాట వేరే ఉండె, చేపల మీద. బాలమణి చేపలు తెచ్చిస్తే తీసుకుంటది, తీసుకుంటనే వంక పెడతది.

"ఏం చేపే ఇది, ఒకటే మట్టి వాసన. మా గోదారి చేప తింటే తెలిసేది నీకు."

"గంత ప్రేమా పావురముంటే గా గోదారిలనే ఉండకపోయినవ్ పెద్దమ్మా? గీడికెందుకొచ్చినవ్?"

"మా అబ్బాయి ఉద్యోగం ఇక్కడ తగలడింది కాబట్టి."

అంటనే పులుసు పెట్టి సగం గిన్నెల పోసి బాలమణికే ఇచ్చేది. బాలమణి తిని "చింతపండు మస్తెక్కువైంది" అనేది. "నోరు చూడు దీనికి" అని పెద్దమ్మ మురిసిపోయేది. బాలమణి బాత్రూం మూలల మోకాళ్ల మీద కూసోని రుద్దుతుంటే మాత్రం తలుపు కాడ నిలబడి చూసి, "ఇంత పిట్టంత మనిషివి, ఎంతసేపు రుద్దుతావే" అని బాధపడేది. ఫినాయిల్ వాడితే తొందరగ అయిపోతది గదా అని ఆమె లెక్క. కోడలు ఒప్పుకోదు.

అప్పటికి బాలమణి దగ్గు చానా తగ్గింది. ఆదివారం కేక నిండుగ కాకపోయినా ముప్పాతిక వస్తుండె. "దసరా వరకు మొత్తం వస్తది చూడు, విమానాలు దింపుత" అనేది నాతోని.

ఆ పొద్దు

పాప పుట్టినరోజుకు చుట్టాలొస్తున్నరని ఆ వారం పొద్దుగాలనే పిలిచిండ్రు. నేను హాల్ల పెద్దమ్మ పక్కన కూసోని పాపకు కథ మొదలుపెట్టిన. బాలమణి నిమ్మ ఉప్పు వేడినీళ్లల్ల గట్టిగ కలుపుకొని, వేడినీళ్ల కాడికి పాప వస్తదని బాత్రూం తలుపు దగ్గరికేసుకుంది.

"ఇవాళ మీ బాలమణికి తొందరగా అయిపోతుందిలే" అన్నది పెద్దమ్మ, నవ్వుకుంట. దీవెన అనుకున్న.

జర సేపట్ల దగ్గు వినబడ్డది. అది పాత దగ్గు కాదు, గొంతు పిసికినట్టు ఉంది. బకెటు పడ్డ సప్పుడు. తలుపు తీస్తే ఘాటు నా కండ్లల్ల కొట్టింది. బాలమణి నేల మీద ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఆమెను బయట వసారాలకు గుంజుకొచ్చిన. లావణ్య మేడం పాపను ఎత్తుకొని గేటు బయటికి ఉరికింది. నేను కిటికీ తెరవనీకె మల్ల లోపటికి పోయినప్పుడు కనబడ్డది. నీళ్లు పోయే జాలీ చుట్టు, కమోడు వెనక మూలల, తెల్లటి బ్లీచింగ్ పొడి, తడికి ముద్ద కట్టి.

పెద్దమ్మ నవ్వు ఎందుకో అప్పుడు అర్థమైంది. పొద్దుగాల అందరికంటె ముందు లేచి, కోడలు చూడకుండ చల్లింది. బాలమణి మోకాళ్లకు కష్టం తగ్గుతదని. ఎవరికీ చెప్పలే, చెప్తే కోడలు తిడతది గనుక. దాని మీద నిమ్మ ఉప్పు నీళ్లు పడితే విషపు గాలి లేస్తదని ఆమెకు తెలవదు.

"అయ్యో తల్లీ, ఆయాసం వచ్చిందా, నీళ్లు తాగు" అని పెద్దమ్మ ఏడ్చుకుంట చీర కొంగుతోని విసురుతున్నది. బాలమణి ఆమె మొహం దిక్కు చూసింది, తర్వాత నా మొహం చూసింది. ఇన్నేండ్లు బాత్రూములు కడిగిన మనిషికి ఆ వాసన ఏందో ఎవరూ చెప్పే పని లేదు.

ఆటోల నా చెయ్యి గట్టిగ పట్టుకుంది. "ముసల్దానికి... చెప్పకు" అన్నది. ఊపిరి అందక రెండు మాటలకు నడుమ ఎంతో సేపు పట్టింది. "పానం తీసుకుంటది అది."

దవాఖానల డాక్టరమ్మ, ఊపిరితిత్తులు పాత యాసిడ్‌కే సగం పోయినయి, ఇది దాని మీద పడ్డది అన్నది. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేమన్నది.

పిల్లలూ, ఇక్కడ జర ఆగి చదవండ్రి. చెట్టు నుంచి వచ్చింది గదా, ఏం చేస్తదిలే అని అనుకోవద్దు. నిమ్మ ఉప్పు గని, వెనిగర్ గని, బ్లీచింగ్ పొడితోని కలిస్తే మనిషిని చంపుతది. ఏ బాత్రూమైనా మొదలు ఉత్త నీళ్లతోని మంచిగ కడగాలె. తలుపు, కిటికీ తెరిచే పెట్టాలె. నిన్నటి నుంచి ఈడ ఎవరేం పోసిండ్రని అడగాలె. ఓనర్‌ను కాదు, ఇంట్ల పెద్దామెను అడగాలె. పక్కకు పిలిచి, నవ్వుకుంట, తిట్టనని మాటిచ్చి అడగాలె. భయముంటే మనుషులు డబ్బాలు దాస్తరు.

వెండి లక్ష్మి

బాలమణి ఇంటికొచ్చింది గని గొంతు రాలే. గుసగుసనే మాట్లాడేది. మంచం మీద కూసోని ఒకనాడు అన్నది:

"ఆ ఇంట్ల పాపున్నది సుగుణా. ముసల్ది మల్ల చల్లితే?"

"మరి చెప్పొద్దంటివి. మేడంకన్న చెప్పనా?"

"మేడంకు చెప్తే ముసల్దానికి చెప్పినట్టే. ఇగ ఆ ఇంట్ల దానికి ముద్ద దిగుతదా?"

"మరి ఏం చెయ్యమంటవ్?"

"చెప్పకుంట చెప్పు. గంత నోరుంది, ఇన్నేండ్లు ఏం జేసినవ్ మరి?"

పోయిన. పెద్దమ్మ పక్కన కూసోని తమలపాకు నములుకుంట మొదలుపెట్టిన. మీర్‌పేట్‌ల ఒకరింట్ల బ్లీచింగ్ పొడి చల్లితే దేవుని గదిల వెండి లక్ష్మి తెల్లారేసరికి నల్లగైందని చెప్పిన. రుద్దితే తెల్లగైతదట, ఇంట్ల ఆ పొడి ఉన్నంత కాలం మల్ల నల్లగైతదట. ఆఖరుకు లక్ష్మి ఇంటామె కలలకొచ్చి, "నాకు ఊపిరాడుతలేదు, ఈ డబ్బా అన్న తియ్యి, నన్నన్న తియ్యి" అన్నదట. పెద్దమ్మ కండ్లార్పకుండ విన్నది. మరుసటి వారం పోతే, అత్తయ్య ఏదో పాత డబ్బా తీసి బయట పారేశారని మేడం అన్నది.

బాలమణికి చెప్తే సప్పుడు లేకుండ నవ్వింది. ఆ నవ్వు దగ్గైంది, చానాసేపు ఆగలే.

ఆదివారాలు గంప ముందల కూసునేది. కేక లేదు. పాత గిరాకి కొన్ని వారాలు వాళ్లంతల వాళ్లే వచ్చిండ్రు. తర్వాత పక్క గంప కేక విని అటు మళ్లిండ్రు. ఆమె ఎవరినీ ఏమనలే. చేపల మీద నీళ్లు చల్లుకుంట కూసునేది. వానలు మొదలుకాక ముందే పోయింది.

పెద్దమ్మ అడిగింది

బాలమణి ఉన్నప్పుడు గని, పోయినంక గని, పెద్దమ్మ ఆమె సంగతి అడిగినప్పుడల్ల నేను ఏదో ఒకటి అల్లిన. బిడ్డ దగ్గరికి పోయిందని చెప్పిన, లావైందని చెప్పిన. ఇప్పుడు చేపలు హోల్‌సేల్ అమ్ముతది, అరిచే పని లేదు అని చెప్పిన. పెద్దమ్మ ఆమె కోసం ఆవకాయ కట్టిచ్చేది. తీసుకపోయి ఇచ్చిన, బాలమణి "ఉప్పెక్కువ" అనుకుంటనే తిన్నది. ఆమె పోయినంక పెద్దమ్మ ఇచ్చింది మాత్రం నా ఇంట్లనే ఉన్నది, మూత తీయలేదు.

పని మానేస్తున్నని చెప్పనీకె ఆ ఇంటికి ఆఖరుసారి పోయినప్పుడు మేడం లేదు, పాప బడికి పోయింది. పెద్దమ్మ నన్ను తన మంచం మీద కూసోబెట్టుకుంది.

"ఎప్పుడు పోయింది?"

"ఎవలు పెద్దమ్మా?"

"కొత్తగా చేపలు తెచ్చే ఆమె చెప్పిందిలే."

నేను లేవబోయిన. భుజం పట్టి కూసోబెట్టింది.

"ఆ వెండి కథ చెప్పావు చూడు, ఆ రోజే అర్థమైంది నాకు" అన్నది. "మా లక్ష్మి నల్లబడలేదు. నేను డబ్బా దాచిన సంగతి ఎవరికీ తెలియదు. నువ్వొచ్చి బ్లీచింగు మాట ఎత్తావంటే నీకు తెలుసన్నమాట. ఆమెకీ తెలుసన్నమాట." నా మొహం దిక్కు చూసి అడిగింది: "నన్ను తిట్టిందా?"

"తిట్టలే పెద్దమ్మా. ఆటోల ఊపిరి అందకపోయినా, నీకు చెప్పొద్దనే అన్నది. నువ్వు బాధపడతవని. పాప కోసమే చెప్పకుంట చెప్పుమన్నది, వెండి కథ నేనే అల్లిన. నీ పులుసుల చింతపండు ఎక్కువ అన్నది తప్ప, నిన్ను ఒక్క మాట అనలే."

నేను ఆ ఇంట్ల చెప్పినవాటిల్ల ఒక్క పోగు కూడ అల్లకుండ చెప్పింది ఇదొక్కటే.

పెద్దమ్మ నా చెయ్యి తీసుకొని మెల్లగ నిమిరింది. "బాగా చెప్పావమ్మా" అన్నది. "నువ్వెప్పుడూ బాగానే చెప్తావు."

"కథ కాదు పెద్దమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"నన్ను ఓదార్చడం కోసం పిల్లల మీద ఒట్టు పెట్టకమ్మా."

ఆటోల బాలమణి చెయ్యి ఎట్ల పట్టుకున్నదో చూపించిన. ఏ మాట తర్వాత ఏ మాట అన్నదో మల్ల చెప్పిన. నేను చెప్తున్నకొద్ది పెద్దమ్మ తల ఊపుతనే ఉన్నది, చిన్నపిల్ల చెప్పే కథకు పెద్దోళ్లు ఊపినట్టు.